ఎస్తేరు టీచరుగారింటి సరుగుడు కొమ్మ

మొన్న మా ఎదురింట్లో పెళ్ళికి పందిరి వేయడానికి లారీలో సరుగుడు బాదులు తెచ్చి వీధిలో దించారు. అప్పుడే కొట్టినవి కాబోలు, కొసలకి ఆకు ఇంకా పచ్చగానే ఉంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వీధి గుమ్మంలోకి వచ్చినదాన్ని, ఆ వాసన తగిలేసరికి అక్కడే నిలబడిపోయాను. కొంచెం జిగటగా, కొంచెం ఉప్పగా, తడి ఇసుకలోంచి లేచినట్టు ఉండే వాసన అది. చాలామందికి అదొక వాసనని కూడా తెలియదు. నాకు మాత్రం తెలుసు. కాఫీ పారబోసి, లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. అరవై దాటినదాన్ని, ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని గడగడలాడించినదాన్ని, నాలుగు కొమ్మలకి జడిసి తలుపేసుకోవడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నా మనసు కుదుటపడక ఇది రాస్తున్నాను. ఎస్తేరు టీచరుగారిని మీరెవరూ చూసి ఉండరు. ఆవిడ ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

డెబ్బైలలో మేము నర్సీపట్నంలో ఉండేవాళ్ళం. మా నాన్నగారు తాలూకాఫీసులో గుమాస్తా. పొడవాటి పెంకుటిల్లు, రెండు వాటాలు. ఒక వాటాలో మేము, రెండోదాంట్లో టీచరుగారు, ఆవిడ భర్త ప్రకాశరావుగారు, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సుగుణ. ప్రకాశరావుగారిని నేను మావయ్యగారూ అనేదాన్ని. ఆయనది మలేరియా డిపార్టుమెంటులో ఉద్యోగం. కొయ్యూరు వైపు కొండూళ్ళల్లో ఇళ్ళకి దోమల మందు కొట్టించాలి. వారంలో నాలుగు రోజులు మన్యంలోనే ఉండేవారు. రెండు వాటాలకీ మధ్యగోడ పైకప్పుదాకా లేదు, మనిషెత్తు దాటాక ఖాళీయే. ఇటు నేను తుమ్మితే అటునుంచి సుగుణ, "పద్దూ, జలుబేటే?" అని అరిచేది. వాళ్ళింట్లో ప్రార్థన మాకు వినబడేది, మా అమ్మ చదివే స్తోత్రం వాళ్ళకి వినబడేది. పూజరోజున పులిహోర చేస్తే, దేవుడికి చూపించకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టేది అమ్మ. నైవేద్యం పెట్టింది వాళ్ళు తినరని అమ్మకి తెలుసు. ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. టీచరుగారు కూడా మా ఇంటికి కేకు పంపేటప్పుడు, "గుడ్డు వేయలేదని అమ్మతో చెప్పు" అనేవారు.

ఆవిడ మాకు లెక్కలు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచీరకి సన్న అంచు. బెత్తం పట్టుకోగా నేను చూడలేదు. ఆవిడ పద్ధతే వేరు. లెక్క తప్పు చేస్తే కొట్టివేయరు, ఇంటూ మార్కు పెట్టరు, ఎలా చేయాలో చెప్పరు. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి పుస్తకం ఇచ్చేస్తారు. అంతే. ఆ లెక్కలో ఎక్కడో తప్పుందని అర్థం. అది ఎక్కడో మనమే వెతుక్కోవాలి. ఒకసారి నాకు భిన్నాల లెక్కలో చుక్క పడింది. నాలుగు రోజులు తిరిగినా తప్పు దొరకలేదు.

"టీచరుగారండీ, ఎక్కడుందో సెప్పీయండి, మీకు పుణ్యముంటుంది" అని గోడమీంచే బతిమాలాను.

"నేను చెప్తే అది నా లెక్క. నువ్వు పట్టుకుంటే నీ లెక్క" అన్నారు అటునుంచి. "తొందరేముంది? నేనెక్కడికీ పోనుగా."

పట్టుకోవడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్క మాట సాయం చేయలేదు. ఎంతకాలమైనా చూస్తూ కూర్చోగలరు. అదే ఆవిడ గొప్పతనమని అప్పట్లో అందరూ అనేవారు, నేనూ అన్నాను.

క్రిస్మస్ ఇంకా రెండు వారాలుందనగా వాళ్ళింటికి సరుగుడు కొమ్మ వచ్చేది. పాయకరావుపేట వైపు సముద్రం ఇసుకలో సరుగుడు తోటలున్నాయి. అక్కడ టీచరుగారి పెదనాన్న కొడుకు ఒకాయన ఉండేవాడు. బస్సు టాపు మీద వేసి పంపేవాడు. "చుట్టూ అడవి పెట్టుకుని కొమ్మ బస్సెక్కించి తెప్పించుకోడమేటో!" అని మావయ్యగారు ఏటా ఎగతాళి చేసేవారు. టీచరుగారు వినేవారు కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పెట్టింది సరుగుడే, ఆకు సన్నంగా వేలాడాల్సిందే. నూనెడబ్బాలో ఇసుక పోసి కొమ్మ నిలబెట్టేవాళ్ళం. మావయ్యగారు పట్టుకుంటే టీచరుగారు చుట్టూ రాళ్ళు కూరేవారు. సుగుణా నేనూ మైదాపిండిలో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసి జిగురు ఉడికించి, గ్లేజు కాగితాలతో గొలుసులు అంటించేవాళ్ళం. తరవాత దూది. ఊళ్ళో ఎవరూ మంచు చూసినవాళ్ళు లేరు, అయినా ప్రతి కొమ్మ మీదా మంచు పడాల్సిందే. దూదిని పల్చగా పీకి ఆకుమీద పరిచేది సుగుణ. ఇక వాళ్ళింటి ఆచారం ఒకటుంది. ఇంట్లో ఎంతమందుంటే అన్ని నక్షత్రాలు. ఎవరిది వాళ్ళే కత్తిరించి, ఎవరిది వాళ్ళే కట్టాలి. ఇంకొకరు సాయం పట్టకూడదు. మావయ్యగారి నక్షత్రం ఏటా వంకరే. "ఇది నక్షత్రమా, కుక్క కొరికిన చెప్పా నాన్నా?" అని సుగుణ పడీపడీ నవ్వేది. నాకూ ఒక కాగితం ఇచ్చి కత్తిరించమనేవారు టీచరుగారు. మా ఇంట్లో పిల్లల్లో నేనొక్కదాన్నే కదా, ఆ పని నాకెంతో గొప్పగా ఉండేది.

మాకు పదేళ్ళు నిండిన ఏడాది అది జరిగింది. చెట్టు పెట్టి పది రోజులైంది. సుగుణకి జ్వరం వచ్చి తగ్గుతోంది. చెట్టు కనబడేలా పడుకుంటానని పేచీ పెడితే, ముందు గదిలో చెట్టు పక్కనే నవారు మంచం వేశారు. ఆ రోజు మార్గశిర లక్ష్మివారం. మా వైపు మార్గశిరంలో గురువారాలు ఎంత నిష్ఠగా చేస్తారో చెప్పక్కర్లేదు. అమ్మ సాయంత్రం గుమ్మంలో రెండు ప్రమిదలు వెలిగించి, లోపల పూజకి కూర్చుంది. టీచరుగారు చర్చిలో పిల్లలకి పాటలు నేర్పడానికి వెళ్ళారు. మావయ్యగారు ముందు గదిలో పడకకుర్చీలో సిగరెట్టు కాలుస్తూ కూర్చున్నారు. ఆయన డిపార్టుమెంటు మనిషెవరో వీధిలోంచి పిలిస్తే, సిగరెట్టు కిటికీ గట్టుమీద పెట్టి గేటుదాకా వెళ్ళారు. అప్పుడు నేను పులిహోర గిన్నెతో పెరటిగుమ్మంలోంచి వచ్చాను.

మసక పడుతోంది. ఆ చెట్టు ఎంత బావుందో! దూది, ఎర్రగొలుసులు, నక్షత్రాలు. అంత అలంకారం చేసి దాని ముందు ఒక్క దీపం లేదు. దేవుడి దగ్గర దీపం లేకపోవడమేమిటని నాకు తోచింది. మా ఇంట్లో దేవుడంటే ముందు దీపమే. పరిగెత్తుకెళ్ళి మా గుమ్మంలోంచి ఒక ప్రమిద ఎత్తుకొచ్చాను.

సుగుణ లేచి కూర్చుని చప్పట్లు కొట్టింది. "అమ్మ చూస్తే తిడతాది. బేగి పెట్టు, చూసి తీసేద్దాం" అంది.

చెట్టు మొదట్లో, డబ్బా అంచు పక్కన పెట్టాను. ఇద్దరం చూశాం. సుగుణ మొహం మీద ఆ వెలుగు పడింది. ఇంతలో మా ఇంట్లో గంట మోగింది. "పద్మా, హారతి! ఎక్కడ చచ్చావే?" అని అమ్మ కేక. హారతి కళ్ళకద్దుకోకపోతే అమ్మ చీరేస్తుంది. పరిగెత్తాను. ప్రమిద తీయలేదు. అంతే నేను చేసింది.

హారతి పళ్ళెం మీద చేతులు పెట్టబోతుండగా గోడ పైనుంచి వెలుగు వచ్చింది. ముందు వెలుగు, తరవాత కేక. పది రోజులు ఎండిన సరుగుడాకు, దానిమీద దూది. ఎంతసేపు పడుతుంది? మావయ్యగారు గేటునుంచి వచ్చేసరికి చెట్టు మంచం మీదికి ఒరిగిపోయింది. ఒట్టి చేతులతో దాన్ని లాగి, కూతుర్ని ఎత్తుకుని బయటికొచ్చారు. వీధిలో అంతమంది ముందు ఆయన మోకాళ్ళమీద పడి, "నా సిగరెట్టే... కిటికీలో పెట్టి మర్చిపోయేనర్రా... నేనే చంపుకున్నాను" అని నేల బాదుకున్నారు. నేను అమ్మ చీరచెంగు వెనక నిలబడి విన్నాను. విన్న మరుక్షణం నాకేమనిపించిందో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. హమ్మయ్య అనిపించింది. నా స్నేహితురాలు కళ్ళముందు కాలిపోయి ఉంటే, నాకు హమ్మయ్య అనిపించింది.

పెద్దాసుపత్రికి జీపులో తీసుకెళ్ళారు. మూడు రోజులుంది సుగుణ. మాట్లాడలేదు, స్పృహే లేదన్నారు. సమాధులతోటలో పెట్టి వచ్చినరోజు టీచరుగారు ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు ఇచ్చారు. మావయ్యగారు రెండు చేతులకీ కట్లతో అరుగుమీద కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పారు, సిగరెట్టు, కిటికీ, నేనే. మా గుమ్మంలో అప్పటికి ఒక్క ప్రమిదే మిగిలింది. రెండోదేమైందని అమ్మ నన్ను అడగలేదు. ఆ రోజు అడగలేదు, ఆ తరవాతా అడగలేదు. మళ్ళీ లక్ష్మివారానికి కొత్తది కొనుక్కొచ్చి గుమ్మంలో పెట్టింది.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పడం నాకు కష్టం. మావయ్యగారు ఉద్యోగానికి సెలవు పెట్టేశారు. గడ్డం పెరిగింది. తిండి ఒకపూట తింటే తిన్నట్టు, లేకపోతే లేదు. తాండవ కాలువ గట్టుమీద ఒక్కరూ కూర్చుని ఉంటే తెలిసినవాళ్ళు రెండుసార్లు చెయ్యిపట్టుకుని ఇంటికి తెచ్చారు. ఊళ్ళో జనం జాలిపడుతూనే, "పాడు సిగరెట్టు పిల్లని పొట్టన పెట్టుకున్నాది" అనేవారు. ఆయన వింటూ తల ఊపేవారు. గోడ అవతల ఆయన మూలుగు వినబడితే నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకునేదాన్ని. బళ్ళో టీచరుగారు ఎప్పటిలాగే లెక్కలు చెప్పేవారు. నా పుస్తకం దిద్దేటప్పుడు మాత్రం ఒక్కక్షణం ఎక్కువసేపు నన్ను చూసేవారు. కూతురు గుర్తొస్తోంది కాబోలు అనుకున్నాను.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. బస్సు టాపు మీద సరుగుడు కొమ్మ వచ్చింది. చర్చి సంఘంలో ఆడవాళ్ళే ముక్కున వేలేసుకున్నారు, ఈవిడకి మతిగాని పోయిందా అని. టీచరుగారు మా గుమ్మంలోకి వచ్చి, "పద్మని ఒకసారి పంపండి" అన్నారు. అమ్మ మొహం పాలిపోయింది. అయినా పంపింది.

ముందు గదిలో సున్నం కొత్తగా వేశారు. ఒక మూల గోడమీద మాత్రం ఎంత వేసినా నల్లచారలు తేలుతున్నాయి. కొమ్మని ఆవిడ ఒక్కరే నిలబెట్టేశారు. దూది లేదు. చాపమీద కాగితాలు, రెండు కత్తెరలు. ఆవిడ తన నక్షత్రం కత్తిరించుకుంటూ, నా ముందుకి ఎర్రకాగితం తోసి, "సుగుణది నువ్వు కత్తిరించు" అన్నారు.

కత్తెర పట్టుకున్నాను. వెక్కుతూ చెప్పేశాను. "టీచరుగారండీ, మావయ్యగారి సిగరెట్టు కాదండీ. ప్రమిద నేను పెట్టానండీ. హారతికని ఎల్లిపోయానండీ."

ఆవిడ కత్తిరించడం ఆపలేదు. అయిదో కొసదాకా కత్తిరించి, కాగితం కింద పెట్టి, "తెలుసమ్మా" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"బూడిద ఎత్తుతుంటే ప్రమిద దొరికింది. మా ఇంట్లో ప్రమిదలు లేవు కదా."

"మరి నన్నెందుకు అడగలేదండీ?"

"అడిగితే నేను పట్టుకున్నట్టవుతుంది. ఊరంతా నీ పేరు చెప్పుకుంటారు. పదేళ్ళ పిల్లవి, బతికినంతకాలం ఆ పేరు మోయాలి. నీ అంతట నువ్వొచ్చి చెప్తే వేరు. ఒక నెలలో వస్తావనుకున్నాను. మరో నెల చూద్దాం అనుకున్నాను. చుక్క పెట్టి కూర్చునే అలవాటు కదా నాకు. ఇలా ఏడాదైపోయింది." ఆవిడ లోపలి గదివైపు చూశారు. "ఆయన్ని చూస్తూ కూర్చున్నాను పద్మా. ఆయన ఎలా అయిపోతున్నారో చూస్తూనే కూర్చున్నాను."

ఆ మాట బరువు అప్పుడు నాకు తెలియలేదు. నా బరువు దిగిపోయిందనే అనుకున్నాను. ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకున్నారు. "నాకు చెప్పావు. నాకు చెప్తే చాలదు. ఆయన లోపలున్నారు."

"కొడతారాండీ?"

ఇంకెవరైనా అయితే కొట్టర్లే అనేవారు. ఆవిడ, "ఏమో, తెలీదు. నేను పక్కనే ఉంటాను" అన్నారు.

మావయ్యగారు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నేను మంచం దగ్గర నిలబడి, టీచరుగారికి చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఆయన ఇటు తిరిగారు. లేచి కూర్చోవడానికి కూడా అవస్థపడ్డారు. కాలిన చర్మం ముడతలు కట్టిన చేత్తో నా తల తడిమారు. "చిన్నపిల్లవి. దీపం పెట్టేవు. పోనీలే తల్లీ" అన్నారు. అంతే. అంత పాపం ఆయన అంత సులువుగా వదిలేశారు. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

తరవాత తలెత్తి భార్యని చూశారు. "నువ్వు ఆశ్చర్యపోవేటి? నీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అంటే సరిపోయేది. ఆ గదిలో ఉన్నది ముగ్గురం. నేను నోరెత్తేదాన్ని కాదు. ఒక్క మాట, ఇప్పుడే అని. నాకు పదకొండేళ్ళే అయినా, ఆవిడ ఆ మాట అంటే బావుణ్ణని లోపల్లోపల మొక్కుకున్నాను.

"పిల్లని పెట్టొచ్చిన మర్నాడు" అన్నారు టీచరుగారు.

"ఏడాది?"

"ఏడాది."

ఆయన మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు మావయ్యగారు గడ్డం గీయించుకున్నారు. కడుపునిండా అన్నం తిన్నారు. నెల తిరక్కుండా ఉద్యోగంలో చేరిపోయి మళ్ళీ కొయ్యూరు కొండలెక్కారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ గోడ అవతలినుంచి ఆయన గొంతు రావడం మానేసింది. భార్యతో ఆయన మళ్ళీ మాట్లాడలేదు. నెల కాదు, ఏడాది కాదు, ఆరేళ్ళు మాట్లాడలేదు. చెయ్యెత్తలేదు, తిట్టలేదు, ఇల్లు వదిలి పోలేదు. ఆవిడ వండింది తినేవారు, ఆవిడ ఉతికింది కట్టుకునేవారు. చెప్పవలసిందేమైనా ఉంటే గుమ్మంలోంచి నన్ను పిలిచేవారు. "పద్మమ్మా, టీచరుగారితో చెప్పు, శనివారం రానని." రెండడుగుల దూరంలో ఆవిడ బియ్యం ఏరుతూ ఉండేవారు. నేను ఆవిడవైపు తిరిగి, "శనివారం రారుటండీ" అనేదాన్ని. "దుప్పటి తీసుకెళ్ళమని చెప్పమ్మా, కొండమీద చలి" అనేవారావిడ. నేను ఇటు తిరిగి చెప్పేదాన్ని. నా నోట్లోంచి వస్తేనే ఆ ఇంట్లో మాట మాటగా చెల్లేది.

ఏటా చెట్టు మాత్రం ముగ్గురం కలిసే పెట్టేవాళ్ళం. మావయ్యగారు కొమ్మ పట్టుకునేవారు, టీచరుగారు రాళ్ళు కూరేవారు, నేను మధ్యలో.

"కొమ్మ వంకరున్నాదని చెప్పమ్మా."

"వంకర గోడవైపు తిప్పితే కనబడదని చెప్పు."

"ఆ గోడ చారలున్న గోడ. అటు చూడలేనని చెప్పు."

ఒకసారి, పదో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరూ మీరూ చెప్పుకోండి! నేనేమైనా తంతి తపాలాఫీసునా?" అని కత్తెర విసిరికొట్టాను. ఇద్దరూ బిత్తరపోయి నన్ను చూశారు, ఒకళ్ళనొకళ్ళు మాత్రం చూసుకోలేదు. టీచరుగారు కత్తెర తీసి నా ఒళ్ళో పెట్టి, "ఈ ఒక్క నక్షత్రం కానీయమ్మా" అన్నారు. సుగుణ నక్షత్రం ఏటా నేనే కత్తిరించేదాన్ని. కూర్చుని కత్తిరించాను. ఒక్క సంగతి చెప్పాలి. ఆ ఆరేళ్ళలో నేను ఒక్క మాట మార్చి చెప్పలేదు. కటువైనది మెత్తగా చెప్పలేదు, ఉన్నదానికి ఒకటి కలపలేదు. ఇద్దరికీ నామీద గురి అందుకే.

నేను కాలేజీలో చేరిన ఏడాది మావయ్యగారికి మన్యం జ్వరం తగులుకుంది. ఊరూరా దోమల మందు కొట్టించినాయన్ని ఆ దోమే కుట్టింది. కొయ్యూరు నుంచి జీపులో తెచ్చి ఊళ్ళో ఆసుపత్రిలో పడుకోబెట్టారు. జ్వరం తలకెక్కింది, ఒకసారి తెలివి వస్తుంది, ఒకసారి పోతుంది. మూడోరోజు మధ్యాహ్నం టీచరుగారు గంజి తేవడానికి ఇంటికెళ్ళారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కళ్ళు తెరిచి, "ఆవిడేదీ?" అన్నారు. గంజికి వెళ్ళారని చెప్పాను.

"టీచరుగారితో చెప్పు పద్మమ్మా. మన్నిద్దామని చాలా చూసేనని చెప్పు. నా వల్ల అవలేదని చెప్పు."

"మావయ్యగారూ, అలా అనకండి" అన్నాను.

"చెప్పు" అన్నారు. కళ్ళు మూసుకున్నారు. ఆవిడ గంజి గిన్నెతో వచ్చేటప్పటికి మళ్ళీ తెలివి పోయింది. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

ఇంటికి తెచ్చాక, జనం రాకముందు, టీచరుగారు నన్ను వంటింట్లోకి పిలిచారు. పొయ్యి పక్కన పీటమీద కూర్చున్నారు. ఏడుపు లేదు. కూతురు పోయినప్పటిలాగే పొడికళ్ళు. "నేను లేనప్పుడు నాతో చెప్పమని ఏమైనా అన్నారా?" అని అడిగారు.

ఆవిడకి అప్పటికి యాభై ఉంటాయి. జుట్టంతా నెరిసిపోయింది. ఆరేళ్ళు ఒక మనిషి పక్కన బతికి, ఆయన నోట తన పేరు వినని మనిషి. ఉన్నదున్నట్టు చెప్పాలని నాకు నేర్పిన మనిషి. నాకు ఒక్కక్షణం కూడా పట్టలేదు.

"మన్నించానని చెప్పమన్నారండీ" అన్నాను.

ఆవిడ నన్ను చూశారు. "ఆ మాటే అన్నారా?"

"ఆ మాటే అన్నారండీ."

నేను మాట మార్చనని ఆవిడకి తెలుసు కదా. నమ్మేశారు. పీటమీంచి నేలమీదికి జారిపోయి, గొంతెత్తి ఏడ్చారు. అన్నేళ్ళ ఏడుపూ ఒక్కసారే వచ్చింది. "సుగుణా, నాన్న నన్ను క్షమించేశారే" అని కూతురికి చెప్పుకున్నారు. మా అమ్మ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

తరవాత ఆవిడ అయిదారేళ్ళు బతికారు. మనిషి మారిపోయారు. నవ్వడం కూడా చూశాను. సంఘంలో, బళ్ళో, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా చెప్పేవారు. "మావారు నన్ను మన్నించి వెళ్ళారు. ఈ పిల్లే విన్నాది. అడగండి." వాళ్ళు నావైపు తిరిగేవారు. "అవునండీ" అనేదాన్ని. ప్రతిసారీ అన్నాను. నాకు టీచరుద్యోగం వచ్చి అనకాపల్లి వెళ్ళిపోయాక కూడా, సెలవులకి వెళితే కనీసం ఒక్కసారైనా నాచేత ఆ మాట అనిపించేవారు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు దగ్గరదాకా వెళ్ళాను. ఆవిడ మొహం చూసి నోరు రాక వచ్చేశాను.

ఎనభైలు ముగిసేలోపు ఆవిడ పోయారు. నిద్రలోనే పోయారట, బాధ లేదన్నారు. చర్చిలో జ్ఞాపకార్థ కూడికకి నన్ను కబురు పెట్టి పిలిపించారు. పాస్టరుగారు పాటలయ్యాక, టీచరమ్మ జీవితంలో దేవుడు చేసిన మేలు గురించి పద్మగారు సాక్ష్యం చెప్తారు అన్నారు. వాళ్ళ సంఘంలో సాక్ష్యమంటే ఆషామాషీ కాదు. దేవుడి ఎదుట లేచి, కళ్ళారా చూసింది, చెవులారా విన్నది చెప్పాలి. నేను వాళ్ళ మతం కాదు, అయినా ఆ మాట విలువ తెలియనిదాన్ని కాదు. లేచాను. మధ్యలో బల్లమీద ఆవిడ కళ్ళజోడు, బైబిలు పెట్టారు. "ఉన్నదున్నట్టు చెప్పడం నేను ఈవిడ దగ్గరే నేర్చుకున్నాను" అని మొదలుపెట్టి, ఆ అబద్ధం అంతమంది ముందు, ఆ దేవుడి ముందు, ఒక్క మాట తడబడకుండా చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. వచ్చి కూర్చున్నాను. మళ్ళీ అడిగినా అదే చెప్తాను, చెప్పినందుకు సిగ్గుపడుతూనే చెప్తాను. దిద్దుకుందామంటే, ఎవరికి చెప్పాలో వాళ్ళిద్దరూ లేరు.